వెయిటింగ్ లిస్టులో మొదటి నెంబరు

మా నాన్న కోర్టులో బంట్రోతు. తెల్ల కోటు, నడుముకి ఎర్ర పటకా, ఛాతీ మీద ఇత్తడి బిళ్ళ. కేసు నెంబరు రాగానే గుమ్మం దగ్గరికి వెళ్ళి, వరండా చివరిదాకా వినపడేలా పేరు మూడుసార్లు పిలిచేవాడు. ఇంట్లో మాత్రం ఆయన గొంతు పక్కగదిలోకి కూడా వినిపించేది కాదు. కంచరపాలెంలో రైలు పట్టాలకి దగ్గరగా రెండు గదుల వాటాలో అద్దెకి ఉండేవాళ్ళం. గూడ్సు బండి వెళ్తున్నంతసేపూ ఇంట్లో మాటలు ఆగిపోయేవి. అది దాటిపోయాక అమ్మ తన మాటని ఆపిన చోటు నుంచే మళ్ళీ అందుకునేది. నాన్న మాత్రం చెప్పబోయింది మరిచిపోయినట్టు ఊరుకునేవాడు.

స్కూలు సెలవు రోజుల్లో నాన్నకి క్యారేజీ పట్టుకెళ్ళే పని నాది. భోజనం అయ్యాక, అల్లరి చెయ్యనని మాటిస్తే, కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చోనిచ్చేవాడు. అలా కూర్చున్నప్పుడే, నాకు పన్నెండేళ్ళు ఉంటాయేమో, ఒక మధ్యాహ్నం నాన్న ఒకావిడ పేరు ఇంటిపేరుతో సహా మూడుసార్లు పిలిచాడు. ఎవరూ లేవలేదు. ఆవిడ వకీలు ఇంకా రాలేదు. జడ్జిగారు కలం తీశారు. నాన్న "ఒక్క నిమిషం సార్" అని బయటికి వెళ్ళి, వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్న ఒక ముసలామె ముందు వంగి, ఇంట్లో మాట్లాడే గొంతుతో, "పద్మనాభం దగ్గర ఊరు నీదేనా అమ్మా?" అని అడిగాడు. ఆమే. పుట్టి బుద్ధెరిగాక తనని అంత పొడుగు పేరుతో ఎవరూ పిలవలేదట. ఆ పేరు తనదేనని ఆమెకి తట్టలేదు.

సాయంత్రం ఇంటికొస్తూ అడిగాను.

"నువ్వెల్లి అడక్కపోతే ఏటయ్యేది నాన్నా?"

"గైర్హాజరని రాసీసేవోరు."

"పొద్దుట్నుంచీ అక్కడే కూసుంది కదా!"

"కూసున్నా అంతేనమ్మా."

ఆ జవాబు నాకు చాలా రోజులు నిద్రలో కూడా గుచ్చుకుంది. పెద్దయ్యాక ఏం చదువుతావని ఎవరైనా అడిగితే అప్పట్నుంచీ "లా" అనేదాన్ని. అందరూ నవ్వేవారు. నాన్న నవ్వేవాడు కాదు.

ఇంటర్మీడియట్‌లో చేరిన రెండో రోజు నా పక్కన ఒక పిల్ల వచ్చి కూర్చుంది. సముద్రం ఒడ్డున జాలరిపేట నుంచి వచ్చేది. ఎక్కడుంటావని అడిగితే చెప్పాను. "మూడో ఈదిలో, నీలం తలుపులిల్లేనా? మీ అమ్మ నెత్తళ్ళు తప్ప మరేటీ కొనదంట కదా, మా అమ్మ సెప్పింది" అంది. నెత్తళ్ళంటే చవగ్గా దొరికే చిన్న చేపలు. మా వీధికి చేపల తట్ట తెచ్చే ఆవిడ కూతురు. అలా మొదలైంది మా స్నేహం. ఆ పిల్ల వాదించని మనిషి లేడు. పాసు చెల్లదన్న కండక్టరుతో, హాజరు వెయ్యని లెక్చరరుతో, ఆఖరికి ప్రార్థన ఆలస్యమైతే మైకు వాడితో కూడా వాదించేది. కోపంగా కాదు, ఎదటి వాళ్ళకి విషయం అర్థం కాలేదే అన్న జాలితో వాదించేది.

ఒకసారి ఆమెని నాతో పాటు కోర్టుకి తీసుకెళ్ళాను. వెనక బెంచీ మీద కూర్చుని, ఇంటి హద్దు గోడ గురించిన తగాదా ఒకటి గంటన్నర సేపు విన్నాం. మధ్యమధ్య నా చెవిలో "ఆడు అబద్దమాడతన్నాడు సూడు, సెయ్యి జేబులో ఎట్టీసాడు" అని గుసగుసలాడుతూనే ఉంది. బయటికొచ్చాక నాన్నని అడిగింది.

"బాబాయ్, రోజంతా అలగ అరిస్తే గొంతు పోదేటి?"

"పిలిసినోల్లు పలికితే పోదమ్మా" అన్నాడు నాన్న.

ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ ఆమె కిటికీ వైపు చూస్తూ, "నానూ అదే సదువుతాను" అంది. ఇక దాని మీద మేం మళ్ళీ చర్చించుకోలేదు. అది తేలిపోయిన విషయం.

ఇంటర్ తర్వాత అయిదేళ్ళు చదివే లా కాలేజీలు కొన్ని ఉన్నాయనీ, వాటికి దేశమంతా పోటీ పడతారనీ, ఒక్కొక్కదానికి విడివిడిగా పరీక్ష రాయాలనీ మాకు చెప్పింది నాన్న పనిచేసే కోర్టు జడ్జిగారే. అప్పటికి జడ్జిగా ఒక మేడం గారు వచ్చారు. ఒక జూనియర్ వకీలు తన పాత గైడు ఇచ్చాడు. అది ఒక్కటే ఉండటంతో మధ్యకి విడదీసి, చెరో సగం తీసుకుని వారానికోసారి మార్చుకునేవాళ్ళం. మా ఇద్దరివీ తెలుగు మీడియం చదువులు. లైబ్రరీలో ఇంగ్లిషు పేపరు సంపాదకీయం ఆమె చదివితే నేను డిక్షనరీ చూసేదాన్ని. ఆమెకి డిక్షనరీ వచ్చేదాకా ఓపిక ఉండేది కాదు. తెలియని మాటకి తనే ఒక అర్థం పెట్టేసుకుని వాక్యం ముందుకి లాగేది. సగంసార్లు అదే సరైన అర్థమయ్యేది. మిగతా సగం సార్లు మేం నవ్వుతుంటే లైబ్రేరియన్ వచ్చి బయటికి పొమ్మనేవాడు.

మా ఇద్దరి ఆలోచనా మన రాష్ట్రంలోని కాలేజీ గురించే. ఇద్దరం దానికి దరఖాస్తు పెట్టాం. పొరుగు రాష్ట్రాలు దాటి ఎక్కడో ఉన్న రెండోదానికి నాన్న నా చేత పట్టుబట్టి పెట్టించాడు. మేడం గారు రాయించమన్నారట. "నాను రాయను, అంత దూరం మా వోల్లు పంపరు" అని ఆమె ఆ ఫారం జోలికి పోలేదు. మొదటి పరీక్ష ఇద్దరం పక్కపక్క గదుల్లో రాశాం. రెండోది నేనొక్కదాన్నే రాశాను. ఆ రోజు సెంటర్లో నా చుట్టూ ఉన్న అమ్మాయిలు ఇంగ్లిషులో జోకులేసుకుని నవ్వుకుంటుంటే, నేను బల్ల మీద నా హాల్‌టికెట్టు నెంబరు పదేపదే చదువుకుంటూ కూర్చున్నాను.

ఫలితాలు రెండు రోజుల తేడాతో వచ్చాయి. రెండింటిలోనూ నాకు సీటొచ్చింది.

ఇంటర్నెట్ సెంటర్లో మొదటి లిస్టు చూసినప్పుడు ఆమె నా పక్కనే ఉంది. ఎంపికైన పేర్లలో నాది కనబడగానే నా వీపు మీద ఒక్కటిచ్చింది. తన పేరు కోసం పైనుంచి కిందికీ, కిందనుంచి పైకీ రెండుసార్లు చూసుకుంది. లేదు. "వెయిటింగ్ లిస్టు పోస్టులో ఒస్తాదంట, సూద్దాం" అంది. దారి పొడుగునా నా సీటు గురించే మాట్లాడింది. వారం తర్వాత కాలేజీకి మార్కుల జాబితా కోసం వెళ్ళినప్పుడు అడిగాను.

"ఉత్తరం ఒచ్చిందా?"

"ఒచ్చింది. ముప్పయ్యో నెంబరో ఏదో. రాదులే. ఊల్లోనే డిగ్రీ సదువుకుని, తరవాత మూడేల్ల లా సేత్తాను. నువ్వు సెలవులకొచ్చి నాకు పాటాలు సెప్పు."

అంత మామూలుగా చెప్పింది, నమ్మేశాను.

ఏ కాలేజీలో చేరతానో రాసి పంపడానికి పన్నెండు రోజుల గడువు. మా ఇంట్లో ఆ పన్నెండు రోజులూ వేరే మాట లేదు. అమ్మ ఆ రెండు కాలేజీలకీ పేర్లు పెట్టింది. ఒక రాత్రి ప్రయాణంలో ఉన్నది ఒక రైలు కాలేజీ. రెండు రాత్రులూ ఒక పగలూ పట్టేది రెండు రైళ్ళ కాలేజీ. ఖర్చు రెండింటికీ ఇంచుమించు ఒకటే, బ్యాంకు వాళ్ళు లోను ఇస్తామన్నారు కాబట్టి ఆ గొడవ మా ముందు లేదు. మేడం గారు, కోర్టులో వకీళ్ళు అందరూ దూరంది మంచి పేరున్నదన్నారు. అమ్మ మాత్రం, "పేరు తినీసి బతుకుతాదేటి? ఒక రైలయితే జొరమొస్తే తెల్లారేసరికి నాను ఎదురుగుంటాను" అంది. నాన్న రోజూ సాయంత్రం వచ్చి, బిళ్ళ తీసి గూట్లో పెట్టి, "ఏటనుకుంటన్నావమ్మా?" అని ఒక్క ప్రశ్న వేసి, నేను చెప్పింది వినేవాడు.

నేను ఒక రైలు కాలేజీయే అనేదాన్ని. కారణాలు బాగానే చెప్పేదాన్ని. తెలుగు వాళ్ళుంటారు, తిండి పడుతుంది, సెలవులకి రావచ్చు. అమ్మ ప్రతి కారణానికీ తలూపేది.

ఒకటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. రెండు రైళ్ళ కాలేజీ వాళ్ళు పంపిన పుస్తకంలో వాళ్ళ లైబ్రరీ బొమ్మ ఒకటుంది. పైకప్పుదాకా పుస్తకాలు, కిందికి వేలాడే దీపాలు, బల్ల దగ్గర ఒక అమ్మాయి మెడ వంచి చదువుకుంటోంది. అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు ఆ పేజీ తెరిచి చూసి, మళ్ళీ మూసేసేదాన్ని. ఆ అమ్మాయి ఇంగ్లిషులో చదువుతోంది, ఇంగ్లిషులోనే ఆలోచిస్తోంది కూడా అనిపించేది.

ఎనిమిదో రోజునో తొమ్మిదో రోజునో, ఒక రైలు కాలేజీకి అంగీకారం రాసి పంపుదామని కాగితాలన్నీ ముందేసుకున్నాను. వాటిలో నాన్న కోర్టు స్టెనో గారి చేత ప్రింటు తీయించి తెచ్చిన ఫలితాల కాగితం ఉంది. నా పేరు కింద నాన్న ఎర్ర పెన్సిలుతో సన్నగా గీత గీసుకున్నాడు. అప్పుడు చూశాను, పైన మూలన చిన్న అక్షరాల్లో ఒకటో పేజీ, మొత్తం రెండు అని ఇంగ్లిషులో ఉంది. రెండో పేజీ లేదు.

సాయంత్రం నాన్న రాగానే అడిగాను.

"నాన్నా, దీనికి రెండో పేజీ ఉండాలి."

నాన్న చెప్పులు విప్పుతున్నవాడు ఆగిపోయాడు. పాతికేళ్ళుగా సాక్షుల చేత ప్రమాణం చేయిస్తున్న మనిషి. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం చేతకాలేదు. లోపలికి వెళ్ళి తన పెట్టెలోంచి మడత పెట్టిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. మేం ఇంటర్నెట్ సెంటర్లో చూసిన రోజుకి ఇంకా పెట్టని వెయిటింగ్ లిస్టు. మొదటి నెంబరు ఎదురుగా నా స్నేహితురాలి పేరు, ఇంటిపేరుతో సహా.

చాలాసేపు దాన్నే చూశాను. నేను ఆ సీటు వద్దంటే అది ఆమెదే. నేను పుచ్చుకుంటే ఆమె డిగ్రీలో చేరుతుంది.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"తెచ్చిన రోజునుంచి."

"మరెందుకు దాసినావు?" నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

నాన్న నెమ్మదిగా అన్నాడు. "నీకేటి కావాలో ముందు నువ్వు తేల్సుకుంటావని సూసానమ్మా. ఆ పిల్ల పేరు కంట్లో పడితే నీ మనసులో మాట నీకు వినబడదు. తేల్సుకున్నాక ఇద్దామనుకున్నాను. తప్పయితే తప్పే."

"తనూ అబద్దం సెప్పింది. ముప్పయ్యో నెంబరంది."

నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. "మంచి పిల్ల" అన్నాడు.

"నువ్వయితే ఏటి సేత్తావు?"

"నాను పిలిసేవోడినే తప్ప తీర్పు సెప్పేవోడిని కాదు తల్లీ" అని, "ఏది సేసినా ఆ పిల్లకి సెప్పే సెయ్యి. దాని వెనకాల సెయ్యకు" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం జాలరిపేటకి బస్సెక్కాను. దారంతా ఏం చెప్పాలో తయారుచేసుకున్నాను. నాకు రెండు రైళ్ళ కాలేజీయే ఎక్కువ ఇష్టమని, ముందునుంచీ అదే అనుకుంటున్నానని చెప్పాలి. గట్టిగా చెప్పాలి.

వాళ్ళింటి ముందు ఆమె తల్లి ఇసకలో పరిచిన వలల మీద చేపలు ఎండబెట్టి, ఒక్కొక్కటీ తిరగేస్తోంది. వాళ్ళ నాన్న వేటకి వెళ్ళి అప్పటికి వారమైంది. నా స్నేహితురాలు బిందెతో నీళ్ళు మోసుకొస్తూ నన్ను చూసి నవ్వింది. నేను నవ్వలేదు.

"నీ నెంబరు ముప్పయ్యా, ఒకటా?"

ఆమె బిందె దించింది.

"ఎవులు సెప్పారు?"

"కాగితంలో ఉంది."

"ఉంటే?"

"నాను రెండు రైల్ల కాలేజీకి ఎల్తన్నాను. నాకదే ఇట్టం."

"ఎప్పట్నుంచి?"

"ముందునుంచీ."

"కాగితం ఎప్పుడు సూసినావు?"

"నిన్న."

"అయితే ఇట్టం నిన్నట్నుంచి" అంది. నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "ఒక్కదానికి సమాదానం సెప్పు. ఎనకా ముందూ ఏటీ ఒద్దు. నా పేరు ఆ లిస్టులో నేకపోతే నువ్వు దేనికెల్తావు?"

బస్సులో నేను తయారుచేసుకున్నదంతా ఎక్కడికో పోయింది. ఆమె నా కళ్ళలోకి చూస్తోంది.

"ఒక రైలు దానికి" అన్నాను.

"అయిపోయింది. దానికే ఎల్లు." బిందె మళ్ళీ ఎత్తుకోబోయి, ఎత్తలేక, అలాగే వంగి ఉండిపోయింది. "నువ్వు నాకోసమని అంత దూరమెల్లి, అక్కడ నీకు బాగోపోతే, నాను నీ మొకమెలాగ సూడాలే? సీటు నేపోతే డిగ్రీ సదువుతాను. నువ్వు నేపోతే ఏటి సెయ్యాలి?"

ఇద్దరికీ ఏడుపొచ్చేసింది. ఆమె తల్లి చేపలు తిరగేస్తూ అన్నీ వింటూనే ఉంది. చేతులు కడుక్కుని వచ్చి, నన్ను గుమ్మం నీడలో కూర్చోమంది.

"అమ్మీ, ఆ దూరం కాలేజీ నీకు ఇట్టం నేదా, బయమా?"

"రెండూ ఒకటే కదా పిన్నీ."

"ఒకటెలాగవుద్ది?" అని ఆశ్చర్యపోయింది. "నాను పెల్లయిన కొత్తలో తట్టెత్తుకుని టౌనుకెల్లాను. ఏ ఈదిలోకెల్లినా సేపలో అని అరవడానికి నోరు రానేదు. ఎల్లిన తట్ట ఎల్లినట్టే తెచ్చీసాను. మా అత్త తిట్టనేదు. ఇట్టం నేదా, బయమా, అనడిగింది. ఇట్టం నేపోతే ఇంటికాడ ఎండబెట్టే పని సూసుకోమంది. బయమయితే రేపు మల్లీ ఎల్లమంది."

"మరి నువ్వేటన్నావు?"

"బయమన్నాను. మర్నాడు మీ ఈదికే ఒచ్చాను. మీ అమ్మే మొదట కొన్నాది."

నేను సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను. ఓడరేవులోకి వెళ్ళడానికి వంతు కోసం రెండు ఓడలు దూరంగా ఆగి ఉన్నాయి. పరీక్ష రోజున ఆ నవ్వే అమ్మాయిల మధ్య కూర్చున్న సంగతీ, తర్వాత ప్రశ్నపత్రం చేతికొచ్చాక వాళ్ళున్నారన్న ధ్యాసే లేకుండా మూడు గంటలు రాసిన సంగతీ గుర్తొచ్చింది. బెల్లు కొట్టినప్పుడు ఇంకాసేపు ఇస్తే బాగుండుననిపించింది. ఆ సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు.

"బయమే పిన్నీ" అన్నాను. "ఆల్లు పంపిన పుస్తకంలో లైబ్రరీ బొమ్మ ఉంది. అమ్మకి తెలీకుండా రోజూ సూత్తన్నాను."

నా స్నేహితురాలు ముఖం తుడుచుకుంటూ, "నాకెప్పుడూ సెప్పనేదేటే?" అంది.

"నువ్వు నెంబరు సెప్పినావేటి?"

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. నాకూ వచ్చేసింది. ఆమె తల్లి మమ్మల్నిద్దర్నీ చూసి తల అడ్డంగా ఊపి మళ్ళీ చేపల దగ్గరికి వెళ్ళిపోయింది. బస్సు దాకా నాతో వస్తూ నా స్నేహితురాలు రెండు షరతులు పెట్టింది. కాలేజీకి రాసే ఉత్తరంలో తన పేరు ఎక్కడా ఉండకూడదు. అక్కడ బాగోలేకపోతే దాచకుండా వెనక్కి వచ్చెయ్యాలి. "కానీ ఒచ్చినా ఆ సీటు మాత్రం తిరిగివ్వను" అంది.

మర్నాడు నాన్నా నేనూ పోస్టాఫీసుకి వెళ్ళి రెండు రిజిస్టర్ ఉత్తరాలు పంపాం. రెండు రైళ్ళ కాలేజీకి అంగీకారం, ఒక రైలు కాలేజీకి వద్దని. కౌంటరు మీద ఆ రెండో కవరు తోసేటప్పుడు నా చెయ్యి ఆగింది. నాన్న చూశాడు కానీ తొందరపెట్టలేదు. వెనక వరసలో వాళ్ళు గొణుగుతుంటే వాళ్ళకి అడ్డంగా నిలబడ్డాడు. నేనే తోశాను.

ఇంట్లో అమ్మ రెండు రోజులు ముభావంగా తిరిగింది. మూడో రోజు నా పాత దుప్పటి ఉతికి, చిరుగులు కుట్టి, "అక్కడ సలెక్కువంట" అంది. అదే ఆమె ఒప్పుకోలు.

నా స్నేహితురాలికి ఉత్తరం రావడానికి పదకొండు రోజులు పట్టింది. ప్రతి ఉదయం వాళ్ళమ్మ వీధి మొదట్లో కనబడగానే నేను గుమ్మంలోకి పరిగెత్తడం, ఆవిడ దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపడం. పదకొండో రోజు ఆవిడ చెయ్యి ఊపలేదు. నేరుగా మా ఇంటిముందుకు వచ్చి తట్ట దించి, "అప్పా, ఒచ్చీసిందప్పా" అని, అక్కని పిలిచినట్టు పిలుస్తూ, మా అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఆ రోజు మా ఇంట్లో నెత్తళ్ళు కాదు, ఖరీదైన వంజరం చేప వండారు.

ముందు నా ప్రయాణం. నాన్న సెలవు పెట్టి నాతో వచ్చాడు. స్టేషన్‌కి నా స్నేహితురాలు వచ్చింది. విడదీసిన గైడులో తన దగ్గరున్న సగం నాకిచ్చి, నా సగం తను తీసుకుంది. ఇక అవసరం లేని పుస్తకం. అయినా ఇద్దరం దాన్ని జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నాం.

రెండు రైళ్ళు దిగాక హాస్టలు గేటు దగ్గర నాన్న మామూలు చొక్కాలో, నడుముకి పటకా లేకుండా, బిళ్ళ లేకుండా చాలా చిన్నగా కనిపించాడు. లోపలికి తల్లిదండ్రుల్ని రానివ్వరు. "ఇక్కడ నీ పేరు తప్పుగా పిలుత్తారు. ఒకసారి సరిదిద్దు, రెండుసార్లు సరిదిద్దు. సిగ్గుపడి ఆ తప్పు పేరుకి అలవాటు పడిపోకు" అన్నాడు. అంతే చెప్పి గబగబా నడిచి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. నేను మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

మొదటి ఏడాది నాకు నరకంలాగే ఉంది. క్లాసులో లేచి నిలబడితే తెలుగులో తయారైన వాక్యం గొంతు దగ్గర ఇంగ్లిషు కోసం వెతుక్కుంటూ ఆగిపోయేది. మొదటి సెమిస్టరులో ఒక పేపరు పోయింది. ఆదివారాలు ఎస్టీడీ బూతులో నుంచి పక్కింటి నెంబరుకి చేసి, అమ్మతో అంతా బాగుందని చెప్పేదాన్ని. నా స్నేహితురాలికి కూడా ఉత్తరాల్లో అంతా బాగుందనే రాశాను. ఆమె నుంచి వచ్చే ఉత్తరాలు మెస్సులో వంటవాడితో, సీనియర్లతో, లైబ్రరీ వేళలతో చేసిన తగాదాలతో నిండి ఉండేవి. ఒకసారి చివర్లో ఇలా రాసింది: "నీ ఉత్తరాల్లో తగువులే నేవు. అంటే బాగోనేదన్నమాట. బాగోనేదని రాయి. సదివి చింపీసి ఊరుకుంటాను." ఆ రాత్రికి కూర్చుని పదకొండు పేజీలు రాశాను. పేపరు పోయిన సంగతీ, నాతో ఎవరూ భోజనానికి కూర్చోని సంగతీ, అన్నీ. అది పోస్టు చేశాక తేలికగా అనిపించింది. పోయిన పేపరు మళ్ళీ రాసి గట్టెక్కాను. రెండో ఏడాది మధ్యకి వచ్చేసరికి, ఎప్పుడు మొదలైందో తెలియదు కానీ, క్లాసులో నేను అడ్డుపడి ప్రశ్నలు అడుగుతున్నాను. లైబ్రరీలో వేలాడే దీపాలు సగం వెలిగేవి కావు. అయినా మూసేవేళ దాకా అక్కడే ఉండేదాన్ని.

రెండో ఏడాది పూర్తయిన వేసవిలో ఇద్దరం ఒకేసారి ఇంటికొచ్చాం. ఒక సాయంత్రం బీచ్‌లో నడుస్తుండగా ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని, నావైపు చూడకుండా అంది.

"ఒకటి సెప్పాలి. కొడితే కొట్టు."

"సెప్పు."

"మా కాలేజీలో ఆ ఏడాది లిస్టులో ఉన్నోల్లు నువ్వు కాక ఎనమండుగురు సేరనేదు. ఏరే కాలేజీలకి ఎల్లిపోయారు. వెయిటింగ్ లిస్టు తొమ్మిదో నెంబరు దాకా కదిలింది. నువ్వు మానకపోయినా నాకు సీటొచ్చును."

నేను ఆగిపోయాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"సేరిన మొదటి వారమే. తొమ్మిదో నెంబరు నా రూమ్మేటు."

"రెండేల్లు దాసినావు."

"దాసాను" అంది.

నాకు కోపం వచ్చింది. ఆమె మీదో, లిస్టు మీదో, పోస్టాఫీసు కౌంటరు దగ్గర ఆగిన నా చెయ్యి మీదో తెలియదు. బస్సెక్కి వచ్చేశాను. రెండు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. ఏడుపొచ్చిన రాత్రులన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. అవన్నీ దేనికోసం పడ్డానని. ఈ సంగతి చెప్తే నాన్న, "అయితే నువ్వు ఎవలికోసమూ ఎల్లనేదన్నమాట" అన్నాడు. ఆ మాట ఓదార్పో, ఎత్తిపొడుపో అప్పుడు నాకు తెలియలేదు.

మూడో రోజు పొద్దున్నే ఆమె మా ఇంటికి వచ్చింది. అమ్మ పెట్టిన ఉప్మా తింటూ, నేను పలకరించకపోయినా తనే మొదలుపెట్టింది.

"మొదటేడాది సెప్పుంటే నువ్వేటి సేద్దువు?"

"ఒచ్చీసేదాన్ని."

"అందుకే సెప్పనేదు. ఇప్పుడు సెప్పాను. ఇప్పుడొచ్చీ."

వచ్చేస్తే ఏం పోతుందో లెక్కవేసుకుంటే, జూలైలో మొదలయ్యే సాక్ష్యాల చట్టం పాఠం ముందు గుర్తొచ్చింది. దాన్ని చెప్పే మాస్టారి క్లాసులో ముందు వరసలో చోటు కోసం నాలుగు రోజులు ముందే బయల్దేరాలని అప్పటికే టికెట్టు కూడా తీయించుకున్నాను. టికెట్టు గూట్లో నాన్న బిళ్ళ పక్కన ఉంది. ఆమె నా చూపు అటు పోవడం గమనించింది. ఇంకాస్త ఉప్మా పెట్టించుకుంది.

చదువులయ్యాక ఆమె మా ఊరి కోర్టులోనే ప్రాక్టీసు పెట్టింది. ఆటోనగర్ షెడ్లలో పనిచేసేవాళ్ళూ, హార్బర్ మనుషులూ ఎక్కువగా ఆమె దగ్గరికి వస్తారు. నేను వేరే ఊళ్ళో, పెద్ద కోర్టులో పని చేస్తున్నాను. మా ఇద్దరిలో ఎవరి కాలేజీ మంచిదన్నది ఇప్పటికీ తేలలేదు. కలిసిన ప్రతిసారీ ఆ తగాదా మొదటి నుంచీ మొదలవుతుంది.

ఆ మూడో రోజు కూడా అదే జరిగింది. ఉప్మా అయ్యాక ఒక పాత కేసు మీద మాటామాటా అనుకుని, సాయంత్రమయ్యేదాకా ఆపలేదు. అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని కుట్టుమిషను దగ్గరికి పోయింది. కోర్టు నుంచి వచ్చిన నాన్న గుమ్మంలో నిలబడి కాసేపు విన్నాడు.

"ఎవులు గెలుత్తన్నారమ్మా?" అని అడిగాడు.

ఇద్దరం ఒకేసారి "నానే" అన్నాం.

నాన్న నవ్వి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.